450 హెలికాప్టర్‌కి ఏ హెడ్ బిగించాలి: ఫ్లైబారా, ఫ్లైబార్‌లెస్సా, డీఎఫ్‌సీనా?

325 మి.మీ. బ్లేడ్లు పట్టే 450 సైజు రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ మోడల్‌కి రోటర్ హెడ్ చూస్తే మూడు రకాలు కనిపిస్తాయి. ఫ్లైబార్ అనే అడ్డ కడ్డీ, దాని కొసలకి ప్యాడిల్స్ (చిన్న రెక్కలు) ఉన్న పాత ఫ్లైబార్ హెడ్ ఒకటి. ప్యాడిల్స్ తీసేసి వాటి పనిని గైరో యూనిట్‌కి (మోడల్ ఎటు తిరుగుతోందో పసిగట్టి సరిచేసే ఎలక్ట్రానిక్ పెట్టె) అప్పగించిన ఫ్లైబార్‌లెస్ హెడ్ రెండోది. అందులోనే ఇంకొన్ని పార్టులు తగ్గించి పొట్టిగా చేసిన డీఎఫ్‌సీ (డైరెక్ట్ ఫ్లైట్ కంట్రోల్) మూడోది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మా మాట ముందే చెప్పేస్తాం: ఫాలోయర్ (బ్లేడ్ల కోణం మార్చే స్వాష్‌ప్లేట్ అనే పళ్లేన్ని హెడ్‌తో పాటు తిప్పే ఆర్మ్) ఉన్న ఫ్లైబార్‌లెస్ తీసుకోండి. ఈ సలహా అందరికీ పనికిరాదు, ఎవరికి పనికిరాదో కూడా కింద ఉంది.

మూడింటికీ ఒకటే అయిన భాగం

ఏ హెడ్ కొన్నా గ్రిప్పుల లోపలి వరస దాదాపు ఒకటే. హబ్‌లో (హెడ్ నడిమి దిమ్మ) రెండు పక్కలా రబ్బరు డ్యాంపర్లు, వాటి మధ్యగా స్పిండిల్ (అడ్డ ఇరుసు), స్పిండిల్ రెండు కొసలకీ బ్లేడ్ గ్రిప్పులు (బ్లేడుని పట్టే భాగాలు). ఒక్కో గ్రిప్పులో రెండు రేడియల్ బేరింగులు, బయటి కొసన ఒక థ్రస్ట్ బేరింగ్. ఎక్కువమంది పొరపడేది ఈ థ్రస్ట్ బేరింగ్ దగ్గరే.

దాని రెండు వాషర్లూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకదాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దది. కంటితో తేల్చుకోవడం కష్టం. రెండింటినీ విడివిడిగా స్పిండిల్‌కి తొడిగి చూడండి. వదులుగా ఆడేది పెద్ద రంధ్రం వాషర్, అది హబ్ వైపు రావాలి. అతుక్కున్నట్టు కూర్చునేది చిన్నది, అది బోల్టు వైపు. రోటర్ తిరిగేటప్పుడు గ్రిప్పు బయటికి లాగుతుంది. ఆ లాగుడు పెద్ద రంధ్రం వాషర్ మీద పడి, గోళీల మీదుగా చిన్న వాషర్‌కి, అక్కణ్ణుంచి బోల్టుకి చేరుతుంది. పెద్దది గ్రిప్పుతో కదలాలి, స్పిండిల్‌ని తాకకూడదు. చిన్నది స్పిండిల్‌తోనే ఉండిపోవాలి. తారుమారు చేసినా బల్ల మీద గ్రిప్పు వెన్నలా తిరుగుతుంది. నిమిషానికి 2,500 చుట్ల దగ్గర మాత్రం బిగుసుకుపోతుంది, సర్వోలు (కంట్రోళ్లని కదిపే చిన్న మోటార్లు) మూలుగుతాయి, స్టిక్ కదిపినా మోడల్ బద్ధకంగా తిరుగుతుంది. తప్పు గాల్లోకి లేచాకే బయటపడుతుంది కాబట్టి చాలామంది సర్వోలనో గైరోనో అనుమానిస్తారు.

గోళీలకి గ్రీజు కచ్చితంగా పెట్టాలి. స్పిండిల్ బోల్టుల మరలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక నీలం రంగు త్రెడ్‌లాకర్ ఒక్క చుక్క వేయాలి. ఫ్యాక్టరీలో బిగించి పంపిన హెడ్ అయినా విప్పి మళ్లీ వేయాల్సిందే. చుక్క పెద్దదైతే అది బేరింగులోకి దిగి పట్టేస్తుంది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకి త్రెడ్‌లాకర్ వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. హబ్‌ని మెయిన్ షాఫ్ట్‌కి పట్టే బోల్టుకి ప్రపంచమంతా ‘జీసస్ బోల్ట్’ అని ముద్దుపేరు, అది ఊడితే ఇక దేవుడే దిక్కని. దానికి నైలాన్ లాక్ నట్టే వాడాలి. పట్టు వదిలిన పాత నట్టు మళ్లీ పెట్టకండి.

ఫ్లైబార్ హెడ్: సెట్టింగ్ అంతా చేతుల్లోనే

అసలు హెలికాప్టర్లలో ఆర్థర్ యంగ్ బెల్ 47కి బరువులున్న స్టెబిలైజర్ బార్ పెట్టాడు, స్టాన్లీ హిల్లర్ బరువుల బదులు చిన్న రెక్కలు పెట్టాడు. మోడల్ హెడ్లలో ఉండేది ఈ రెండింటి కలయిక. స్వాష్‌ప్లేట్ వంపులో కొంత నేరుగా బ్లేడుకి వెళ్తుంది. మిగతాది ప్యాడిల్స్‌ని తిప్పి, ఫ్లైబార్ తిరిగే తలాన్ని వంచి, ఆ వంపు ద్వారా బ్లేడుని చేరుతుంది. గాలి కుదిపినా ఫ్లైబార్ తన తలం చప్పున వదలదు, అందుకే మోడల్ నిలకడగా ఉంటుంది.

బిగించేటప్పుడు కొలతల్లో రాజీ కుదరదు. ఫ్లైబార్ కడ్డీ సీ-సా (హబ్ మీద ఊగే చట్రం) లోంచి రెండు పక్కలా ఒకే పొడవు రావాలి. వెర్నియర్‌తో కొలవండి, అర మి.మీ. తేడా ఉన్నా హెడ్ వణుకుతుంది. ప్యాడిల్స్ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, కంట్రోల్ ఆర్మ్‌ల తలంలోనే ఉండాలి. పక్కనుంచి ఒక కన్ను మూసి చూస్తే రెండు ప్యాడిల్స్ ఒకే గీతలా కనిపించాలి. ఒకటి మెలిపడితే రేడియోలో ఎంత ట్రిమ్ చేసినా (సన్నగా సరిదిద్దినా) మోడల్ ఒక పక్కకి జారుతూనే ఉంటుంది. ఆ తర్వాత లింకులు: స్వాష్‌ప్లేట్ నుంచి మిక్సింగ్ ఆర్మ్‌కి (రెండు కదలికల్ని కలిపే ఆర్మ్), వాషౌట్ (షాఫ్ట్ మీద పైకీ కిందకీ జారే భాగం) నుంచి ఫ్లైబార్‌కి, మిక్సింగ్ ఆర్మ్ నుంచి గ్రిప్పుకి. ప్రతి జతలో రెండు లింకులూ ఒకే పొడవుండాలి. మిక్సింగ్ ఆర్మ్‌కి బాల్ పెట్టే రంధ్రాలు రెండుంటే మాన్యువల్ చూసి రెండు పక్కలా ఒకే రంధ్రం వాడండి, అది మారితే చురుకుదనం మారుతుంది. వాషౌట్ షాఫ్ట్ మీద సొంత బరువుకే జారాలి. పట్టేస్తుంటే షాఫ్ట్ శుభ్రం చేయండి.

ఇంత పని ఉన్నా దీనికి ఒక సుగుణం ఉంది. బ్లేడ్ల నుంచి వచ్చే భారంలో పెద్ద వాటా ప్యాడిల్సే మోస్తాయి కాబట్టి మామూలు మైక్రో సర్వోలు చాలు, తోకకి మాత్రం వేరే గైరో ఉండాలి. తప్పు జరిగినా ఎక్కడ జరిగిందో కళ్లెదుట కనిపిస్తుంది. వేగంగా ముందుకు వెళ్లేటప్పుడు ముక్కు పైకి లేపడం దీని పాత జబ్బు. పడిపోతే ఖర్చు కూడా ఎక్కువే: స్పిండిల్, మెయిన్ షాఫ్ట్‌తో పాటు ఫ్లైబార్ కడ్డీ తప్పనిసరిగా వంగుతుంది, ప్యాడిల్సూ ఆర్మ్‌లూ దాని వెంటే పోతాయి.

ఫ్లైబార్‌లెస్: పని తగ్గలేదు, చోటు మారింది

ఇక్కడ హెడ్ బిగించడం గంటలోపు పని. స్వాష్‌ప్లేట్ నుంచి గ్రిప్పుకి ఒక్క జత లింకులు, స్వాష్‌ప్లేట్ లోపలి రింగుని తిప్పడానికి ఫాలోయర్ ఆర్మ్‌లు, అంతే. సమయం తినేది సెటప్. రేడియోలో (చేతిలోని ట్రాన్స్‌మిటర్) స్వాష్ మిక్సింగ్ (సర్వోల కదలికల్ని కలపడం) పూర్తిగా ఆపేయాలి, సబ్‌ట్రిమ్‌లు (సర్వో మధ్య స్థానం సవరణలు) సున్నా ఉండాలి, ఎందుకంటే మిక్సింగ్ యూనిటే చేస్తుంది. రెండు చోట్లా ఆన్ చేస్తే స్వాష్‌ప్లేట్ పిచ్చిగా ఊగుతుంది. మధ్య స్థానంలో సర్వో ఆర్మ్‌లు లింకులకి 90 డిగ్రీల్లో, స్వాష్‌ప్లేట్ సమతలంగా, బ్లేడ్ పిచ్ (కోణం) సున్నా. తర్వాత బ్లేడ్లని తోక గొట్టానికి సమాంతరంగా నిలిపి, ఐలెరాన్ (పక్కకి ఒరిగే కంట్రోల్) వైపు పిచ్ గేజ్‌లో యూనిట్ అడిగిన కోణం వచ్చేదాకా సరిచేయాలి. మైక్రోబీస్ట్ అనే యూనిట్ 6 డిగ్రీలు అడుగుతుంది, కొన్ని యూనిట్లు 8 అడుగుతాయి. తన దిద్దుబాటు ఎంత కదిలిస్తే ఎంత పని చేస్తుందో యూనిట్ తెలుసుకునేది ఇక్కడే. సర్వో ఆర్మ్‌లో బాల్ సరైన రంధ్రంలో లేకపోతే ఆ కోణం కుదరదు, కుదిరిందని సరిపెట్టేస్తే గాల్లో వణుకో బద్ధకమో తప్పదు.

బ్యాటరీ పెట్టాక మోడల్‌ని చేత్తో ముందుకు వంచి చూడండి. స్వాష్‌ప్లేట్ వెనక్కి వంగాలి. ముందుకే వంగిందంటే దిద్దుబాటు తిరగబడి ఉంది, అలా ఎగరేస్తే లేచిన క్షణంలోనే బోల్తా.

ఈ హెడ్‌కి డిజిటల్ మెటల్ గేర్ సర్వోలు కావాలి, వాటికి తగ్గ బీఈసీ (సర్వోలకి, యూనిట్‌కి కరెంటు అందించే సర్క్యూట్) కావాలి. నాలుగు సర్వోలు ఒకేసారి లాగినప్పుడు వోల్టేజ్ కుంగితే యూనిట్ గాల్లోనే రీబూట్ అవుతుంది. బ్లేడ్లు కూడా ఫ్లైబార్‌లెస్ రకమే వాడండి. ఫ్లైబార్ మోడల్ 3డీ (తలకిందులు లాంటి విన్యాసాల) బ్లేడ్లు దీనికి మరీ చురుకు. డ్యాంపర్లు కాస్త గట్టివి పెట్టాలి. వీటన్నిటి ఖర్చు లెక్క వేయకుండా హెడ్ ధర ఒక్కటే చూసి పాత మోడల్‌ని మార్చేవాళ్లు తర్వాత బాధపడతారు.

డీఎఫ్‌సీ

ఫాలోయర్ కూడా తీసేసి, స్వాష్‌ప్లేట్‌ని తిప్పే పనిని లింకులకే అప్పగించిన రకం ఇది. షాఫ్ట్ పొట్టి, స్పందన నేరుగా, చూడ్డానికి సొగసు. కానీ లింకు తోయడం, లాగడంతో పాటు స్వాష్‌ప్లేట్‌ని ఈడ్చే భారం కూడా మోస్తుంది, దానివల్ల బాల్ లింకు కొసలు త్వరగా అరుగుతాయి. ఒకటి ఊడితే మోడల్ నేలకూలినట్టే. పోటీల్లో 3డీ తిప్పేవాళ్లకి సరే, హోవర్ (గాల్లో ఒకేచోట నిలపడం) నేర్చుకునేవాళ్లకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎవరికి ఏది

చవగ్గా దొరికిన సెకండ్‌హ్యాండ్ ఫ్లైబార్ మోడల్ బాగా ఎగురుతుంటే మార్చకండి. హెడ్ మొత్తం మింగేసే ప్రమాదం జరిగేదాకా దాన్నే తిప్పండి, అప్పుడు సర్వోలతో కలిపి మార్చండి. మూడు నాలుగు బ్లేడ్ల స్కేల్ మోడల్ (అసలు హెలికాప్టర్‌కి నమూనా) కడుతుంటే ఎలక్ట్రానిక్ యూనిట్ పెట్టుకోవడమే మంచిది. మిగతా అందరికీ ఫాలోయర్ ఉన్న ఫ్లైబార్‌లెస్సే.

ఫ్లైబార్ నుంచి దీనికి మారినవాళ్లని మొదటిరోజు కంగారుపెట్టేది ఒకటుంది. నేల మీద స్టిక్ కదిపి వదిలితే స్వాష్‌ప్లేట్ వెంటనే మధ్యకి రాదు, వంగే ఉంటుంది. మోడల్ తిరగలేదు కాబట్టి యూనిట్ ఇంకా తిప్పాలనే చూస్తోంది, అది లోపం కాదు. దాన్ని సరిచేద్దామని రేడియోలో ట్రిమ్ నొక్కకండి. ట్రిమ్‌ని యూనిట్ ‘నెమ్మదిగా తిరుగు’ అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది, మోడల్ లేవగానే ఆ పక్కకి దొర్లడం మొదలుపెడుతుంది. స్టిక్ మధ్యలో వదిలేసి, పిచ్‌తో తడబడకుండా ఒక్క ఊపులో నేల విడవండి.