టెక్సన్ .457: తుపాకీ సరే, గాలి సంగతి చూసుకోండి

ఈ ఎయిర్ గన్ కొనాలనుకునేవాళ్ళు ధర తర్వాత అడగండి. గాలి ఎక్కడ నింపించుకుంటారో ముందు తేల్చుకోండి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

సరుకు పేరు ఎయిర్‌ఫోర్స్ టెక్సన్, .457 బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు 0.457 అంగుళం. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో తయారవుతుంది, 2015లో అమ్మకానికి వచ్చింది. మా అక్కావాళ్ళూ మేమూ కలిసి స్టీఫెన్‌విల్ వైపు కొంచెం పొలం కొన్నాం. పొలమంటే పచ్చిక, నాలుగు పికాన్ చెట్లు, ఓ చెరువు. అక్కడ అడవిపందులు రాత్రికి రాత్రే నేలంతా ట్రాక్టర్ పెట్టినట్టు తిరగేసి పోతాయి. బావకి మామూలు రైఫిల్ ఇష్టంలేదు, పక్క పొలంలో గుర్రాలున్నాయి, గుండు మైళ్ళ దూరం పోతుందని ఆయన భయం. అలా మొదలైంది ఈ వెతుకులాట.

ఎయిర్ గన్ అనగానే మనకు గుర్తొచ్చేది తిరునాళ్ళలో బెలూన్లు కొట్టే తుపాకీ. మడత పెట్టి స్ప్రింగు నొక్కడం, ఓ చిన్న సీసపు పెల్లెట్ పెట్టడం, టప్‌మనడం. అది .177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్లు. ఒలింపిక్స్ పది మీటర్ల పోటీలో వాడేది కూడా ఇదే సైజు. 2012 లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది దానితోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ కావలసింది బలం కాదు. అర గ్రాము పెల్లెట్ కాగితాన్ని శుభ్రంగా చిల్లుచేస్తే చాలు. దాని శక్తి ఎనిమిది జౌల్స్ దరిదాపుల్లో ఉంటుంది.

ఈ సైజులు ఎవరో ఒకరోజు కూర్చుని రాసిన జాబితా కాదు. ఇంగ్లండ్‌లో బీఎస్ఏ కంపెనీ 20వ శతాబ్దం మొదట్లో .177ని ఒకటో నంబరు బోరు, .22ని రెండో నంబరు, .25ని మూడో నంబరు అనేది. పిట్టకు ఒకటి, కుందేలుకు రెండు అన్నట్టుగా వేటగాళ్ళు సర్దుకున్నారు. ఆ తర్వాత .20 మధ్యలో దూరింది. స్ప్రింగు తుపాకుల రోజుల్లో .25 దాటి పోవడంలో పెద్ద అర్థం లేదు, ఎందుకంటే స్ప్రింగు నెట్టగలిగిన గాలి అంతే. దానికంటే పెద్దవి కావాలంటే గాలిని ముందే డబ్బాలో కుదించి పెట్టుకోవాలి. .30, .357, .45, .50 అన్నీ ఆ జాతివే.

బోరు పెరిగితే ఏమవుతుందో ఓ లెక్క చూపిస్తాను. నేను కంప్రెసర్ల కంపెనీలో పనిచేస్తాను కాబట్టి ఈ లెక్క నాకు ముచ్చట. గుండు వెనక ఉండే గాలి ఒత్తిడి 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు) అనుకోండి. .177 గొట్టంలో పెల్లెట్ వెనక వైశాల్యం 0.0246 చదరపు అంగుళం. నెట్టే బలం 74 పౌండ్లు. అదే ఒత్తిడి .457 గొట్టంలో 0.164 చదరపు అంగుళం మీద పనిచేస్తుంది, బలం 492 పౌండ్లకు చేరుతుంది. ఒత్తిడి ఒక్క పీఎస్ఐ కూడా పెరగలేదు, నెట్టుడు ఆరు రెట్లు దాటింది. అందుకే పెద్ద బోరు గాలి తుపాకీ తయారుచేసేవాడు ఒత్తిడి పెంచడం కంటే గొట్టం వెడల్పూ పొడవూ పెంచడానికే మొగ్గుతాడు. టెక్సన్ గొట్టం పొడవు 34 అంగుళాలు, తుపాకీ మొత్తం 48. కారు వెనక సీటులో అడ్డంగా పడుకోబెట్టడమే ఓ పని.

కంపెనీ 500 ఫుట్ పౌండ్ల పైన శక్తి వస్తుందంటుంది. జౌల్స్‌లో చెప్పాలంటే 678. ఒలింపిక్ తుపాకీకి ఎనభై రెట్లు పైమాటే. .45-70 అనే పాత అమెరికన్ సైనిక తూటా, 1873 నాటిది, దాదాపు 1600 ఫుట్ పౌండ్లు ఇస్తుంది. అంటే టెక్సన్ దాంట్లో మూడోవంతు. ఆ తూటా సీసపు గుళ్ళే ఇందులోకీ సరిపోతాయి, 457 అనే విచిత్రమైన అంకె అక్కడినుంచే వచ్చింది. కొత్త గుండు కోసం ఎవరూ అచ్చులు కనిపెట్టనక్కర్లేదు, నూటయాభై ఏళ్ళ అచ్చులు ఎదురుగా ఉన్నాయి. నేను 300 గ్రెయిన్ల బరువున్నవి వాడుతున్నాను. బరువు పందొమ్మిది గ్రాములు పైన.

చేతిలో ఎలా ఉంటుందంటే, పొడవుకు తగ్గ బరువు లేదు, ఏడున్నర పౌండ్లు దాటుతుంది అంతే. పక్కనున్న లీవరును ఒక్క వేలితో లాగొచ్చు. ఇంత శక్తి ఉన్నదానికి ఇంత తేలిక లీవరా అని మొదట అనుమానం వస్తుంది. గాలిని ఆపేది వాల్వు, మన చెయ్యి దాన్ని కొట్టే సుత్తిని వెనక్కి లాగుతోంది, అంతే తేడా. ఒకసారికి ఒకటే గుండు, వేలితో పెట్టాలి. చలికాలంలో గ్లవ్స్ వేసుకుంటే ఈ పని విసుగు పుట్టిస్తుంది. ట్రిగ్గరు రెండు దశలది, బాగుంది, లీవరు లాగగానే సేఫ్టీ తనంతట తనే పడుతుంది. గురిచూసే ఇనుప ముక్కలేవీ దీనిమీద ఉండవు, స్కోపు విడిగా కొనుక్కోవాలి.

యాభై గజాల్లో మంచి గుళ్ళతో ఒకే చోట కొడుతుంది, దానికి పేరు పెట్టను. వంద గజాలంటే వేరే కథ. ఇంత నెమ్మదిగా పోయే ఇంత బరువైన గుండు కింద పడటంలో తొందర చూపిస్తుంది. యాభైకి గురి కుదిర్చిపెడితే వందకు పది అంగుళాలకు అటూ ఇటూ కిందకి దిగుతుంది. దూరం సరిగ్గా తెలియకుండా పేల్చొద్దు. పంది లాంటి గట్టి జంతువును గాయపరిచి వదిలేయడం కంటే ఆ రాత్రి ఊరికే ఇంటికి పోవడం మేలు. ఆ విషయంలో బావతో నాకు భేదాభిప్రాయం లేదు.

చప్పుడు. గాలి తుపాకీ అంటే నిశ్శబ్దం అని ఎవరైనా చెబితే వాళ్ళు పెద్ద బోరు పక్కన నిలబడలేదన్నమాట. గొట్టం చివర కుదించిన గాలి ఒక్కసారి బయటపడే శబ్దం చెవుల్లో గింగురుమంటుంది. చెవులకు రక్షణ లేకుండా పేల్చకూడదు. చప్పుడు తగ్గించే ఏర్పాటుతో, పొట్టి గొట్టంతో ఎస్ఎస్ అనే రకం ఉంది, పక్కన ఇళ్ళున్నవాళ్ళు అది చూడండి.

ఇక గాలి. వెనక భుజానికి ఆనించే కట్ట ఉంది కదా, టెక్సన్‌లో అదే గాలి డబ్బా. 490 సీసీ, 3000 పీఎస్ఐ దాకా నింపాలి. అంటే వంద లీటర్ల మామూలు గాలి అందులో కుక్కినట్టు. వింటే బోలెడు అనిపిస్తుంది. పూర్తి బలంతో రెండు, మహా అయితే మూడు గుళ్ళకు పనికొస్తుంది. మధ్యలో ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటరు లేదు కాబట్టి రెండో గుండుకే క్రోనోగ్రాఫులో, అంటే వేగం కొలిచే యంత్రంలో, వేగం తగ్గడం కనిపిస్తుంది, ఆపైన గురి కిందకి జారుతుంది. శక్తి తగ్గించే చక్రం ఉంది, దాంతో ఇంకొన్ని గుళ్ళు సంపాదించొచ్చు. కానీ బలం తగ్గించుకునేదానికి ఈ బోరు ఎందుకు?

ఇక్కడే నాకు జిరార్డోని గుర్తొస్తాడు. బార్తొలొమేయో జిరార్డోని, టిరోల్ ప్రాంతపు తుపాకుల పనివాడు. ఆయన చేసిన గాలి రైఫిల్‌ను 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. బోరు .46 దరిదాపుల్లో. చూశారా, రెండున్నర శతాబ్దాల కిందటి బోరు, టెక్సన్ బోరు దాదాపు ఒకటే! అందులోనూ వెనక కట్టే గాలి డబ్బా, ఇనుప రేకుతో చేసింది. సైనికుడు అదనపు డబ్బాలు వెంట పెట్టుకునేవాడు, ఒకటి అయిపోతే తిప్పి తీసేసి ఇంకోటి బిగించేవాడు. గొట్టం పక్కనే ఇరవై పైచిలుకు సీసపు గుళ్ళు పట్టే గొట్టం ఇంకోటి. తుపాకీ మూతి పైకెత్తి పక్కనున్న దిమ్మె నెడితే గుండు దానంతట అదే దొర్లి కూర్చుంటుంది. అవతలివాడు మందు పోసి, గుండు దింపి, కడ్డీతో కూరుతున్న కాలంలో ఇవతలివాడు వరసగా పేలుస్తున్నాడు. పొగ లేదు, తడిసినా మందు పాడవడమన్నది లేదు.

జిరార్డోని తుపాకీలో ఒత్తిడి ఎంతో తెలుసా, 800 పీఎస్ఐ దగ్గర. ఒక్క డబ్బా నింపాలంటే చేతిపంపు 1500 సార్లు కొట్టాలి. అయినా ఓ డబ్బాతో ముప్ఫై గుళ్ళ వరకు పనికొచ్చేవి. ఆయన ఒక్కో గుండుకు తక్కువ గాలి ఖర్చుపెట్టి ఎక్కువ గుళ్ళు తీసుకున్నాడు. ఇప్పటివాళ్ళు నాలుగు రెట్ల ఒత్తిడి ఇచ్చి మొత్తం ఒకటి రెండు గుళ్ళలోనే ఊదేస్తున్నారు. పెట్టె మీద పెద్ద అంకె అచ్చువేయడానికి అది బాగుంటుంది. నాకు మాత్రం 250 ఫుట్ పౌండ్లతో పది గుళ్ళు ఒకేలా పేల్చే .457 ఇస్తే ముందు నేనే కొంటాను.

జిరార్డోని రైఫిళ్ళు దాదాపు 1500 తయారయ్యాయి. డబ్బాలు కారడం, బాగుచేసే పనివాళ్ళు దొరకకపోవడం, నింపే శ్రమ, ఇవన్నీ కలిసి 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో సైన్యం వాటిని పక్కన పెట్టేసింది. ఈలోగా ఓ తుపాకీ అట్లాంటిక్ దాటింది. అమెరికా సైనికాధికారి మెరివెదర్ లూయిస్ పశ్చిమానికి దారి వెతకడానికి బయల్దేరినప్పుడు ఒక ఎయిర్ గన్ తీసుకెళ్ళాడు. 1803 ఆగస్టు చివర్లో పిట్స్‌బర్గ్ దగ్గర బ్రూనోస్ దీవిలో దాన్ని చూపిస్తుండగా, ఇంకొకరి చేతిలో పొరపాటున పేలి, నలభై గజాల దూరంలోని ఒకావిడ టోపీలోంచి గుండు దూసుకుపోయి కణత గీసుకుంది. ఆవిడ బతికింది. తర్వాత దారిలో కలిసిన ఆదివాసీ తెగల ముందు దాన్ని పేల్చి చూపడం లూయిస్ బృందానికి అలవాటైంది, పొగా మంటా లేకుండా గుండు మీద గుండు పోతుంటే ఈ మనుషుల దగ్గర ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అని అవతలివాళ్ళు అనుకోవాలిగా. గుళ్ళన్నీ ఒకేసారి పక్క గొట్టంలో పోస్తారని, ఒకసారి గాలి నింపితే అది 22 సార్లు పేలుతుందని అప్పట్లో చూసిన థామస్ రాడ్నీ తన డైరీలో రాశాడు. అందుకే అది జిరార్డోని రకమేనని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు. ఆ రకం రైఫిల్ ఒకటి పెన్సిల్వేనియాలో కార్లైల్‌లోని సైనిక వారసత్వ కేంద్రంలో ఉంది. అటు వెళ్ళేవాళ్ళు చూసి రండి.

తర్వాత వందేళ్ళ పైన పెద్ద బోరు గాలి తుపాకులు పెద్దగా వార్తల్లో లేవు. వాటిని మళ్ళీ మామూలు జనం కొనగలిగేలా తెచ్చినవాళ్ళలో కొరియావాళ్ళది పెద్ద చెయ్యి. అక్కడ మందు తుపాకుల మీద కట్టడి ఎక్కువ, అందుకని వేటకు గాలివే పెంచుకున్నారు. శామ్ యాంగ్ వాళ్ళ .45 బోరు 909 అమెరికాలో చాలామందికి తొలి పెద్ద బోరు. ఇప్పుడు ఉమరెక్స్ హ్యామర్ అని .50 ఉంది, 4500 పీఎస్ఐ దాకా నింపి లోపల రెగ్యులేటరుతో దించుకుంటుంది, మూడు గుళ్ళు పూర్తి బలంతో ఇస్తానంటుంది, 700 ఫుట్ పౌండ్లు దాటి. ఆ రెగ్యులేటరు ఆలోచన టెక్సన్ కంటే నాకు నచ్చింది. కానీ 4500 నింపే దుకాణం దొరకడమే కష్టం.

ఆ సంగతికే వస్తున్నా. తుపాకీ వెయ్యి డాలర్లు దాటుతుంది, స్కోపు విడిగా. చేతిపంపుతో 490 సీసీ నింపుతానంటే భుజాలు మీవి, నేనేమీ అనను. చిన్న పోర్టబుల్ కంప్రెసర్లు చౌకగా దొరుకుతాయి కానీ ఇంత పెద్ద డబ్బాకు అవి వేడెక్కి అలిసిపోతాయి. డైవింగ్ దుకాణంలో నింపించుకునే కార్బన్ ఫైబర్ సిలిండరే సరైన దారి. కొన్ని దుకాణాలు 3000 దాటి నింపవు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకండి. వాల్వుల దగ్గర పెట్రోలియం నూనె, గ్రీజు రాయకండి, సిలికాన్ గ్రీజు మాత్రమే. ఎక్కువ ఒత్తిడిలో నూనె తగిలితే నిప్పంటుకుంటుంది.

కొన్నరోజు బావ అడిగాడు, "ఇంత పెద్దదానికి కాగితాలేవీ అడగలేదేంట్రా?" అని. "మందు లేదు కదా బావా, ఫెడరల్ చట్టం లెక్కలో ఇది తుపాకీ కింద రాదు" అన్నాను. ఆయనకు అది అంత నచ్చలేదు, ఇనుప అల్మరా తాళం రెండోసారి లాగి చూశాడు. రాష్ట్రాలకు వేరే నియమాలుంటాయి. టెక్సాస్‌లో 2018 నుంచి జింక వేటకు కూడా గాలి తుపాకీ ఒప్పుకుంటారు, కాకపోతే .30 బోరు కంటే తగ్గకూడదు, 150 గ్రెయిన్ల గుండు సెకనుకు 800 అడుగుల వేగంతో పోవాలి, లేదా 215 ఫుట్ పౌండ్లయినా రావాలి. టెక్సన్‌కు ఆ గీత దాటడం లెక్కలోది కాదు. పొలం యజమాని ఒప్పుకుంటే పందులకు 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు.

పల్నాడు నుంచి ఫోన్ చేసి "మన చేలో కూడా పందులున్నాయి, ఇలాంటిది ఒకటి పట్టుకురా" అనే చుట్టాలకు నా జవాబు ఒకటే. అక్కడ 4.5 మిల్లీమీటర్ల బోరు దాటినా, 20 జౌల్స్ దాటినా ఆయుధాల లైసెన్సు కావాలి. ఇది రెండు గీతలూ దాటి చాలా దూరం పోయింది. పందిని కొట్టడానికి అటవీశాఖ అనుమతి వేరే. సూట్‌కేసులో వచ్చే వస్తువు కాదు ఇది.

ఎవరు కొనాలి? యాభై, అరవై గజాల్లోపు మాటువేసి కూర్చోగలిగి, ఇంటి దగ్గర గాలి నింపే ఏర్పాటున్నవాళ్ళు కొనొచ్చు, బాధపడరు. ఆదివారం సరదాగా వంద గుళ్ళు పేలుద్దామనుకునేవాళ్ళు .22 తీసుకోండి, ఒకసారి నింపితే మధ్యాహ్నమంతా గడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో సిలిండరు కొంటే మాత్రం దానిమీద ముద్రించిన తేదీ చదవండి: కార్బన్ ఫైబర్‌వి మామూలుగా ఐదేళ్ళకోసారి నీళ్ళతో ఒత్తిడి పరీక్ష చేయించాలి, పదిహేనేళ్ళు దాటితే ఏ దుకాణమూ నింపదు.