గ్రేడిల్ వ్రాపర్, వెర్షన్ కాటలాగ్ రివ్యూ: ఏది గిట్‌లోకి వెళ్లాలి, ఏది మన మెషీన్‌లోనే ఉండాలి

భీమవరంలో ఇద్దరు, అమలాపురంలో ఒకరు, కాకినాడలో ఒకరు కూర్చుని ఒకే ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నారనుకోండి. రొయ్యల చెరువులో వేసిన మేత, ఆక్సిజన్ రీడింగు, కౌంటు రోజూ ఎక్కించుకునే యాప్. రైతుకి ఒక ఫ్లేవర్ (ఒకే కోడ్ నుంచి కట్టే వేరే రూపం), సరుకు కొనేవాళ్లకి ఇంకో ఫ్లేవర్. కోడ్‌లో తేడా వస్తే రివ్యూలో పట్టుకోవచ్చు. బిల్డ్ సెట్టింగుల్లో తేడా వస్తే మాత్రం "నా ల్యాప్‌టాప్‌లో బాగానే బిల్డ్ అవుతోందే" అన్న మాట దగ్గర సగం రోజు పోతుంది. దీనికి గ్రేడిల్‌తో (కోడ్‌ని యాప్‌గా బిల్డ్ చేసే సాధనం) పాటే వచ్చే రెండు సాధనాలున్నాయి: అందరి మెషీన్‌లోనూ ఒకే గ్రేడిల్ వెర్షన్‌ని దింపి నడిపే వ్రాపర్, లైబ్రరీల వెర్షన్ నంబర్లన్నీ ఒక్కచోట ఉంచే వెర్షన్ కాటలాగ్. అపాచీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు. వ్రాపర్‌కి 5కి 5 ఇస్తాం. కాటలాగ్‌కి 4. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో కింద చెబుతాం.

ముందు వ్రాపర్. ఇందులో ఉండేవి నాలుగే ఫైళ్లు: లినక్స్, మ్యాక్ వాళ్ల స్క్రిప్టు, విండోస్ వాళ్ల బ్యాట్ ఫైలు, చిన్న జార్ (జావా కోడ్‌ని మూట కట్టిన ఫైలు), ప్రాపర్టీస్ (సెట్టింగుల) ఫైలు. నాలుగూ గిట్‌లో (టీమంతా కోడ్ పంచుకునే చోట) ఉండాల్సిందే. ఎక్కువ టీములు తప్పు చేసేది జార్ దగ్గర. ఇంటర్నెట్‌లో దొరికిన గిట్‌ఇగ్నోర్‌ని (గిట్‌లోకి రాకూడని ఫైళ్ల జాబితా) తెచ్చి పెట్టుకుంటారు, అందులో "జార్ ఫైళ్లన్నీ వద్దు" అనే లైను ఉంటుంది. ప్రాజెక్టు మొదలుపెట్టిన మనిషి డిస్కులో జార్ ఉంది కాబట్టి అతనికి ఏమీ తెలియదు. కొత్తగా చేరిన అమ్మాయి క్లోన్ చేసి కమాండ్ కొట్టగానే వ్రాపర్ మెయిన్ క్లాస్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ఆ అమ్మాయి జావా సరిగా ఎక్కలేదనుకుని దాన్ని తీసి మళ్లీ ఎక్కిస్తూ కూర్చుంటుంది. గిట్‌లో చెక్‌ఇగ్నోర్ కమాండ్‌ని -v తో కొడితే ఏ ఫైలులో ఎన్నో లైను అడ్డుపడుతోందో చెబుతుంది. ఆ లైనుకి కింద, ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి వ్రాపర్ జార్‌కి మినహాయింపు రాయండి. పైన రాస్తే పనిచేయదు, గిట్‌ఇగ్నోర్‌లో ఆఖరున సరిపోలిన లైనుదే మాట.

రెండో తలనొప్పి విండోస్ నుంచి వస్తుంది. స్క్రిప్టుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకుండానో, లైను చివరలు విండోస్ పద్ధతిలోనో కమిట్ అయితే లినక్స్ బిల్డ్ సర్వర్ మొదటి అడుగులోనే ఆగుతుంది. గిట్ అప్‌డేట్ ఇండెక్స్ కమాండ్‌తో పర్మిషన్ ఒక్కసారి ఇస్తే చాలు. గిట్ అట్రిబ్యూట్స్ ఫైలులో మూడు లైన్లు కావాలి: స్క్రిప్టుకి ఎల్‌ఎఫ్ (లినక్స్ లైను చివర), బ్యాట్‌కి సీఆర్‌ఎల్‌ఎఫ్ (విండోస్ లైను చివర), జార్ బైనరీ.

మన ఊళ్లలో వ్రాపర్‌కి అసలు పరీక్ష డౌన్‌లోడ్ దగ్గర. గ్రేడిల్ జిప్ 100 ఎంబీ దాటుతుంది. కరెంటు పోయి, ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగుతుంటే మధ్యలో తెగుతుంది. ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ టైమౌట్ మామూలుగా 10000 మిల్లీసెకన్లు, అంటే 10 సెకన్లే. దాన్ని 60000 చేయండి. లింకులో "ఆల్" అని ఉంటే "బిన్" చేయండి. "ఆల్"లో సోర్సు, డాక్యుమెంట్లు కూడా ఉంటాయి, యాప్ బిల్డ్‌కి అవి అక్కర్లేదు. సగం దిగి పాడైన జిప్ ఉంటే జిప్ తెరవలేకపోతున్నానని ఎర్రర్ వస్తూనే ఉంటుంది. హోమ్ డైరెక్టరీలోని గ్రేడిల్ ఫోల్డర్‌లో, వ్రాపర్ కింద డిస్ట్స్‌లో ఆ వెర్షన్ ఫోల్డర్‌ని తీసేస్తే పోతుంది. పక్కవాళ్ల దగ్గర పూర్తిగా దిగి ఉంటే ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అదే చోట పెట్టినా సరిపోతుంది. ఫోల్డర్ పేరు లింకు నుంచే పుడుతుంది కాబట్టి ఇద్దరి లింకూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. గిట్‌లో ఉన్న లింకుని ఎవరూ సొంతంగా మార్చకూడదనడానికి ఇదొక కారణం.

వెర్షన్ పెంచేటప్పుడు లింకులో నంబరు చేత్తో దిద్దకండి. దిద్దితే జార్, స్క్రిప్టులు పాతవే మిగిలిపోతాయి. వ్రాపర్ టాస్కుని కొత్త నంబరుతో రెండుసార్లు నడపాలి. మొదటిసారి ప్రాపర్టీస్ మారుతుంది, రెండోసారి కొత్త గ్రేడిల్ తన జార్‌నీ స్క్రిప్టులనీ రాస్తుంది. షా256 చెక్‌సమ్ (దిగిన జిప్ సరైనదేనా అని సరిచూసే కోడ్) పెట్టుకుని ఉంటే దాన్నీ అప్పుడే మార్చాలి.

ఇక గ్రేడిల్ ప్రాపర్టీస్ ఫైలు. ప్రాజెక్టులో ఒకటి, ప్రతివాళ్ల హోమ్ డైరెక్టరీలోని గ్రేడిల్ ఫోల్డర్‌లో ఇంకొకటి ఉండొచ్చు. ఒకే సెట్టింగు రెండింట్లోనూ ఉంటే హోమ్‌లోదే గెలుస్తుంది. ఇది తెలియక 32 జీబీ మెషీన్ ఉన్నవాళ్లు ప్రాజెక్టు ఫైలులో హీప్ (గ్రేడిల్ వాడుకునే మెమరీ) 8 జీబీ పెట్టి కమిట్ చేస్తారు. 8 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల మెషీన్ స్వాప్‌లో పడి మూలుగుతుంది. ప్రాజెక్టులో 2 జీబీ ఉంచి, ఎక్కువ కావాల్సినవాళ్లు తమ హోమ్ ఫైలులో పెంచుకోవాలి. జేడీకే (జావా కిట్) పాత్ కూడా అంతే, అది మనిషికో రకం. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8 నుంచి జేడీకే 17 తప్పనిసరి. ఆ నంబరు అందరిదీ కాబట్టి దాన్ని రీడ్‌మీలో రాయండి, పాత్ మాత్రం వద్దు. ఆండ్రాయిడ్ ఎస్‌డీకే మన మెషీన్‌లో ఎక్కడుందో రాసి ఉండే లోకల్ ప్రాపర్టీస్ ఎప్పుడూ గిట్‌లోకి రాకూడదు.

వెర్షన్ కాటలాగ్ గ్రేడిల్ 7.4లో స్థిరపడింది. ప్రాజెక్టులోని గ్రేడిల్ ఫోల్డర్‌లో ఒక టామ్ల్ ఫైలు, అందులో వెర్షన్లు, లైబ్రరీలు, బండిల్స్ (లైబ్రరీల గుంపులు), ప్లగిన్లు అని నాలుగు భాగాలు. ఐదు మాడ్యూళ్లలో ఐదుచోట్ల రాసిన నంబరు ఒక్కచోటికి వస్తుంది. రివ్యూ చేసేవాళ్లకి ఏ లైబ్రరీ పెరిగిందో ఒక్క లైనులో కనిపిస్తుంది. పాత పద్ధతిలో వెర్షన్లని బిల్డ్‌సోర్స్ అనే ఫోల్డర్‌లో పెట్టుకున్న టీములకి ఒక్క నంబరు మారినా ప్రాజెక్టంతా మళ్లీ కంపైల్ అవుతుంది. కాటలాగ్‌తో ఆ బాధ తగ్గుతుంది. పేరులో అడ్డగీత పెడితే బిల్డ్ ఫైలులో అది చుక్క అవుతుంది, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

మెర్జ్ దగ్గర ఒక అలవాటు చేసుకోండి: లైబ్రరీలని అక్షర క్రమంలో రాయండి. అందరూ ఆఖరి లైను కిందే చేరుస్తుంటే ప్రతి మెర్జ్‌లోనూ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ఇద్దరూ ఒకే పేరుని వేర్వేరు చోట్ల చేర్చితే గిట్ ఊరుకుంటుంది గానీ గ్రేడిల్ ఊరుకోదు, డూప్లికేట్ కీ అని వెంటనే ఆపుతుంది. అది మంచిదే.

మార్కు తగ్గించింది ఇందుకు. కాటలాగ్‌లో రాసిన వెర్షనే ఎప్పుడూ యాప్‌లోకి వస్తుందని చాలామంది నమ్ముతారు. రాదు. మీరు ఓకేహెచ్‌టీటీపీ (నెట్‌వర్క్ లైబ్రరీ) 4.10.0 అని రాసినా, ఇంకో లైబ్రరీ 4.12.0 అడిగితే గ్రేడిల్ పెద్ద నంబరే తీసుకుంటుంది. డిపెండెన్సీ ఇన్‌సైట్ టాస్కు నడిపితే ఎవరు అడిగారో కనిపిస్తుంది. నిజంగా బిగించాలంటే డిపెండెన్సీ లాకింగ్ విడిగా ఆన్ చేసి లాక్‌ఫైలుని కమిట్ చేయాలి. అన్ని కాన్ఫిగరేషన్లూ లాక్ చేస్తే ఆండ్రాయిడ్‌లో ఆ ఫైలు చాంతాడంత అవుతుంది. రిలీజ్ రన్‌టైమ్ క్లాస్‌పాత్ (రిలీజ్ యాప్‌లోకి వెళ్లే లైబ్రరీలు) వరకు చాలు. అందులో కాన్‌ఫ్లిక్ట్ వస్తే చేత్తో దిద్దకుండా మళ్లీ పుట్టించండి.

ఈ రెండూ పట్టించుకోనిది వెర్షన్ కోడ్, అంటే స్టోర్‌కి పంపే ప్రతి బిల్డ్‌కీ ఇచ్చే నంబరు. రెండు బ్రాంచిల్లో ఇద్దరూ 41ని 42 చేశారనుకోండి. ఇద్దరూ ఒకే మార్పు చేశారు కాబట్టి గిట్‌కి అది గొడవే కాదు, కాన్‌ఫ్లిక్ట్ చూపకుండా కలిపేస్తుంది. ఒకరు తమ బ్రాంచి నుంచి 42ని ప్లే స్టోర్‌కి పంపేసి ఉంటే రెండో అప్‌లోడ్‌ని ఆ నంబరు వాడేశారని స్టోర్ తిప్పికొడుతుంది. దాళ్వాలో కాలవ నీళ్లకి వంతు పెట్టినట్టు దీనికీ వంతు ఉండాలి: ఫీచర్ బ్రాంచిలో ఎవరూ ముట్టుకోకూడదు, రిలీజ్ చేసే మనిషి ఒక్కరే పెంచాలి, లేదా బిల్డ్ సర్వర్ నంబరు నుంచి తీసుకోవాలి.

కీస్టోర్ల (యాప్‌కి సంతకం చేసే కీ ఉండే ఫైళ్లు) విషయం కూడా చూసుకోండి. రిలీజ్ కీ, దాని పాస్‌వర్డ్ గిట్‌లోకి రాకూడదు. ఖాళీ విలువలతో నమూనా ఫైలు ఒకటి పెడితే చాలు. పొరపాటున వస్తే తర్వాతి కమిట్‌లో తీసినా హిస్టరీలో ఉండిపోతుంది, కాబట్టి కీ మార్చాల్సిందే. డీబగ్ కీస్టోర్ సంగతి వేరు. అది ప్రతి మెషీన్‌లో వేరుగా పుడుతుంది, దాని షా1 (కీ వేలిముద్ర లాంటి కోడ్) కూడా వేరు. మ్యాప్ సర్వీసులో ఎవరి షా1 నమోదై ఉంటే వాళ్లకే తెరుచుకుంటుంది, అందుకే కాకినాడ ల్యాప్‌టాప్‌లో మ్యాప్ వస్తుంది, అమలాపురం ల్యాప్‌టాప్‌లో బూడిద రంగు తెర వస్తుంది. టీమంతటికీ ఒకే డీబగ్ కీస్టోర్‌ని గిట్‌లో పెట్టుకుంటే ఇది తీరుతుంది, దానివల్ల రిలీజ్ కీకి ప్రమాదం లేదు.

పాత ప్రాజెక్టుని మార్చాలంటే వ్రాపర్, గిట్ అట్రిబ్యూట్స్ ఒక కమిట్. ప్లగిన్లని కాటలాగ్‌లోకి తేవడం రెండోది. తర్వాత మాడ్యూల్‌కి ఒకటి చొప్పున. ఈ పనిలో వెర్షన్ నంబర్లు ఒక్కటీ పెంచకండి. మార్చకముందు, మార్చాక డిపెండెన్సీల జాబితా తీసి పక్కపక్కన పోల్చండి, రెండూ ఒకేలా ఉండాలి. బిల్డ్ ఫైళ్లన్నీ కదులుతాయి కాబట్టి తెరిచి ఉన్న బ్రాంచిలన్నీ ముందే మెర్జ్ చేయించి, ఒక్క రోజులో ముగించండి.