స్టైవెసెంటా, బ్రాంక్స్ సైన్సా, టౌన్సెండ్ హారిసా? క్వీన్స్‌లో ఉండేవాళ్ళకి ఏది మేలు?

మార్చి వచ్చిందంటే నా ఫోనుకి తెరిపి ఉండదు. న్యూయార్క్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి హైస్కూలు ఆఫర్లు వచ్చేది ఆ నెల్లోనే. పైన చెప్పిన మూడూ ఈ ఊళ్ళో పేరున్న సర్కారు హైస్కూళ్ళు: స్టైవెసెంట్ మన్‌హట్టన్‌లో, బ్రాంక్స్ సైన్స్ బ్రాంక్స్‌లో, టౌన్సెండ్ హారిస్ మా క్వీన్స్‌లోనే. ఫ్లషింగ్ గణేశ్ గుడి క్యాంటీన్లో దోసెల లైన్లో కలిసినవాళ్ళు కూడా అదే అడుగుతారు: "మీ అమ్మాయికి స్టైవెసెంట్ వచ్చిందట కదండీ, ఎందుకు వదిలేశారు?" స్కూళ్ళు తెరిచాక ప్రశ్న కాస్త మారుతుంది. వరసలో ముందు స్టైవెసెంట్ పెట్టాలా, బ్రాంక్స్ సైన్స్ పెట్టాలా అని.

స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్ లాంటి స్కూళ్ళకి రాసే ఎంట్రన్స్ పరీక్ష ఎస్‌హెచ్‌శాట్ సంగతి మీకు తెలిసిందే. ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళం మనం, మనకి ఒకళ్ళు నేర్పక్కర్లేదు. స్కూళ్ళ వరస మనమిస్తాం, స్కోరుని బట్టి సీటిస్తారు. బడి మార్కులు, సిఫారసు ఉత్తరాలు ఏవీ చూడరు. 1971 నాటి హెక్ట్-కలాండ్రా చట్టం అలా కట్టేసింది. కటాఫ్ ఎక్కువుండేది స్టైవెసెంట్‌కి కాబట్టి కళ్ళు మూసుకుని దాన్నే ముందు పెడతాం, ర్యాంకొచ్చింది కదా అని సీఎస్‌ఈ తీసుకున్నట్టు.

చదువు విషయంలో ఈ మూడింట్లో దేనికీ వంక పెట్టలేం. బ్రాంక్స్ సైన్స్‌లో 1950లో ఒకే క్లాసులో బయటికొచ్చిన గ్లాషో, వైన్‌బర్గ్ 1979లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్నారు. స్టైవెసెంట్‌లో మూడు వేల పైచిలుకు పిల్లలు. లెక్కల్లో ఎంత లోతుకి పోతానన్నా అక్కడ పక్కన ఇంకొకడు దొరుకుతాడు. టౌన్సెండ్ హారిస్ చిన్నది, పన్నెండొందల మంది దాకా ఉంటారు. దానికి ఎస్‌హెచ్‌శాట్ లేదు, ఏడో తరగతి మార్కులు చూస్తారు. క్వీన్స్ కాలేజీ ఆవరణలోనే ఉంది కనక ఆఖరి ఏడాది పిల్లలు అక్కడికెళ్ళి కాలేజీ క్లాసులు కూడా చేస్తారు. సాహిత్యం, చరిత్ర, లాటిన్ వైపు మొగ్గు ఎక్కువ. లెక్కల పిచ్చి ఉన్న పిల్లలకి అక్కడ కొంచెం చప్పగానే ఉండొచ్చు.

నా మటుకు తేల్చేది ఇవేవీ కాదు. పిల్ల పొద్దున ఎన్నింటికి లేవాలి, రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది అన్నదే.

మా ఇల్లు క్వీన్స్ తూర్పు అంచున, ఫ్లోరల్ పార్క్ వైపు. సబ్‌వే లేదు. ఆఫర్ వచ్చిన వారమే ఒక మంగళవారం పొద్దున మా అమ్మాయిని బడి బ్యాగుతో సహా బయల్దేరదీశాను. 6:10కి హిల్‌సైడ్ అవెన్యూ మీద క్యూ43 బస్సు, 179వ వీధిలో ఎఫ్ ట్రైన్. అది బయల్దేరేదే అక్కడ కాబట్టి సీటు దొరికింది. క్యూ గార్డెన్స్‌లో ఇ ట్రైన్‌కి మారాం, అంతే, సీటు లేదు. రూజ్‌వెల్ట్ అవెన్యూలో జనం ఒక్కసారిగా ఎక్కేసరికి దాని బ్యాగు ఎవరి పొట్టకో గుచ్చుకుంటోంది. కింద పెట్టుకుందామంటే చోటు లేదు. కమ్మీ పట్టుకుని నిలబడే కళ్ళు మూసుకుంది. చివరి స్టేషను వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి, నడిచి, వెస్ట్ స్ట్రీట్ మీది ట్రైబెకా వంతెన దాటేసరికి 7:45. పది అంతస్తుల బడి, లోపల ఎస్కలేటర్లు! చూసి మురిసిపోయింది. తిరుగు ప్రయాణంలో సీటు దొరకగానే నా భుజం మీద వాలి క్యూ గార్డెన్స్ దాకా లేవలేదు.

రోజుకి మూడు గంటల పైమాట. స్టూడెంట్ ఓమ్నీ కార్డుకి రోజూ నాలుగు ప్రయాణాలు ఉచితం, డబ్బు బాధ లేదు. పోయేది నిద్రే. పోనీ బడి అవగానే ఇంటికొస్తారా అంటే, స్టైవెసెంట్ పిల్లలు ప్రాణం పెట్టే సింగ్ అనే నాటకాల పోటీ ఉంది. ఆ రిహార్సల్స్ రోజుల్లో ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. ఆ తర్వాత హోంవర్కు. అదే టౌన్సెండ్ హారిస్‌కైతే మాకు రెండు బస్సులు, యాభై నిమిషాలు.

బ్రాంక్స్ సైన్స్‌కి ట్రైన్లో మాకు ఇంకా దూరం. ఇ ట్రైన్లో సెవెంత్ అవెన్యూ దాకా పోయి, డి పట్టుకుని మళ్ళీ పైకి. కాకపోతే క్వీన్స్ నుంచి తల్లిదండ్రులు డబ్బు కట్టి నడిపించుకునే బస్సులున్నాయి. మీ వీధి దగ్గర్లో ఆగేది ఉంటే లెక్క మారిపోతుంది. సీటు ఖాయం, పిల్ల నిద్రపోవచ్చు. కానీ బస్సు వెళ్ళిపోయాక క్లబ్బుల్లో ఉండిపోతే మళ్ళీ ట్రైనే గతి.

ఇంకో ఎస్‌హెచ్‌శాట్ స్కూలు బ్రూక్లిన్ టెక్ గురించి మా వైపు వాళ్ళు ఆలోచించక్కర్లేదు. జమైకాలో ఉంటే యార్క్ కాలేజీ దగ్గరి క్వీన్స్ సైన్స్ హైస్కూల్ చిన్నది, మంచిది, అదీ ఎస్‌హెచ్‌శాట్ స్కూలే.

మీ ఇల్లు వుడ్‌సైడో, జాక్సన్ హైట్సో అయితే నేను చెప్పినదంతా పక్కన పెట్టి స్టైవెసెంట్‌కే పంపండి. గంట లోపు ప్రయాణానికి ఆ బడిని వదులుకోమని నేననను. 179వ వీధికి ఇవతల ఉన్నవాళ్ళు మాత్రం ఆఫర్ ఒప్పుకునే ముందు ఒక్క బడిరోజు పొద్దున బ్యాగుతో సహా వెళ్ళి రండి. ఆదివారం వెళ్తే ఏమీ తెలీదు.

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి, టౌన్సెండ్ హారిస్. ఆరున్నరకి లేస్తుంది. స్టైవెసెంట్ సీటొచ్చిందని ఏలూరులో మా వీధంతా చెప్పిన మా నాన్నగారు, వదిలేశామని ఇంకా ఎవరికీ చెప్పలేదు.