రిమ్ముకు గుడ్డ టేపు వేశాక ట్యూబు లోపలి నుంచి పోవడం ఆగింది

నా సైకిల్ మీద పెట్టిన ఖర్చులన్నిటిలో, రిమ్ము మీద ట్యూబు కింద చుట్టే ఈ కాటన్ రిమ్ టేపు ఇచ్చినంత నిశ్చింత ఇంకేదీ ఇవ్వలేదు. సీటు, పెడల్స్, లైట్లు అన్నీ దీని తర్వాతే. ఎండల్లో తొక్కి, వానల్లో తడిపి, మళ్లీ ఎండల్లో తొక్కి చూశాకే రాస్తున్నాను. వేసిన నాటి నుంచి ట్యూబు ముళ్లకు పోయింది, గాజు పెంకులకు పోయింది. రిమ్ము వైపు నుంచి మాత్రం ఒక్కసారీ పోలేదు.

నాది డబుల్ వాల్ (రెండు పొరల) రిమ్ముల రోడ్ సైకిల్, సన్నటి 700×28 టైర్లు. గాలి 85 పీఎస్ఐ ఒత్తిడి దాకా కొడతాను. సైకిల్‌తో పాటు వచ్చింది నల్లటి రబ్బరు పట్టీ. డబుల్ వాల్ రిమ్ముల్లో పుల్లలను (స్పోకులను) బిగించే చిన్న నట్లు, అంటే నిపుల్స్, దించడానికి టైరు వైపు పెద్ద బొక్కలుంటాయి. ఆ బొక్కలకూ ట్యూబుకూ మధ్య ఉండేది ఈ పట్టీ ఒక్కటే. 9 మిల్లీమీటర్ల బొక్క మీద 85 పీఎస్ఐ గాలి నొక్కుతోందంటే దాదాపు నాలుగు కిలోల బరువు పెట్టినంత. అలాంటివి చక్రానికి 32. రబ్బరు ఆ ఒత్తిడికి సాగి బొక్కలోకి దిగుతుంది, దానితో పాటే ట్యూబూ దిగుతుంది. పైగా ఆ పట్టీ సన్నగా ఉండి పక్కకు జరుగుతుంటుంది. జరిగిన చోట బొక్క అంచు తేలి, ట్యూబు నేరుగా ఆ అంచుకే రాసుకుంటుంది. పాతిక వేల సైకిల్‌లో ఈ పట్టీ దగ్గరా మిగుల్చుకోవడం అంటే నాకు ఇప్పటికీ కోపమే.

ఆ పట్టీ సంగతి బయటపడింది మే నెలలో, రామప్ప నుంచి తిరిగి వస్తుంటే. రామప్ప గుడి ఉన్న పాలంపేటకు తెల్లవారుజామునే పోయాం, పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగొచ్చేటప్పుడు ములుగు దాటామో లేదో వెనక చక్రం మెత్తబడింది. టైరు లోపలంతా వేళ్లతో తడిమి చూశాను. ముల్లు లేదు, పెంకు లేదు. ట్యూబు మార్చి గాలి కొట్టుకుని బయల్దేరితే కాసేపటికే మళ్లీ దిగిపోయింది. పదకొండు గంటల ఎండలో 163వ నంబరు హైవే పక్కన, చెట్టు నీడ కూడా లేని చోట, ప్యాచ్ వేసి మళ్లీ కొట్టాం. అదీ నిలవలేదు. నాతో ఉన్న మిత్రుడు టైరే పాడైందన్నాడు. సైకిల్ నడిపించుకుంటూ మల్లంపల్లి చేరాం.

అక్కడ పంచర్ షాపులో ఒక పెద్దాయన. ట్యూబుకు గాలి పట్టి నీళ్లలో ముంచగానే బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, "ముల్లు బయటికెల్లి గుచ్చుకుంటది గని లోపటికెల్లి గుచ్చుకోది గద బిడ్డా" అన్నాడు. ట్యూబుకు బొక్క పడింది టైరు వైపు కాదు, రిమ్ము వైపు. ఆయన ట్యూబును రిమ్ము పక్కన పరిచి, వాల్వుకు వాల్వు సరిపెట్టి చూపించాడు. ట్యూబు మీది బొక్క సరిగ్గా రిమ్ము బొక్క దగ్గరికే వచ్చింది. దాని పక్కన ఇంకో రెండు మూడు చోట్ల గుండ్రటి ఉబ్బులు, చిల్లు పడ్డానికి సిద్ధంగా. రబ్బరు పట్టీ ఆ వైపంతా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

నేను ఇంకో రబ్బరు పట్టీ ఉందా అని అడిగాను. "రబ్బరు సాగుతది. గుడ్డ సాగది" అంటూ షాపు వెనక్కి పోయి పాత పంచె ఒకటి తెచ్చాడు. దాని అంచు పొడవునా చింపి, రెండు మడతలు వేసి, అక్కడక్కడా సొల్యూషన్ పూసి రిమ్ము చుట్టూ గుంజి బిగించాడు. వాల్వు దగ్గర కత్తెరతో చిన్న గాటు. మొత్తం పని పావు గంట కూడా పట్టలేదు, తీసుకున్నది పంచర్ డబ్బులే. ఆ పంచె అంచు మీద ఆత్మకూరు మీదుగా హన్మకొండ దాకా, మిట్టమధ్యాహ్నం, ఒక్క పీఎస్ఐ కూడా తగ్గకుండా వచ్చాను. అప్పటికప్పుడు ఆయనకు తట్టిన పద్ధతి సైకిళ్ల లోకంలో ఎప్పటినుంచో ఉన్నదే. రోడ్ సైకిళ్ల రిమ్ములకు కాటన్ టేపు పాతకాలం నుంచి వాడుతున్నదే.

ఎండ పాత్ర కూడా ఇందులో ఉంది. పొద్దున 25 డిగ్రీల్లో 85 కొట్టిన గాలి, చక్రం 45కు వేడెక్కితే 91 దాటుతుంది. ఆ ఆరు పీఎస్ఐ కన్నా వేడికి రబ్బరు, మెత్తటి ప్లాస్టిక్ లొంగిపోవడమే ఎక్కువ నష్టం. మన దగ్గర కొందరు కరెంటు టేపు చుట్టేస్తారు. దయచేసి వద్దు. అదీ సాగేదే, వేడికి జిగురు కరిగి జారిపోతుంది, తర్వాత ఆ జిడ్డు వదలదు.

టేపు కొనేటప్పుడు చూడాల్సింది వెడల్పు ఒక్కటే. 10 నుంచి 22 మిల్లీమీటర్ల దాకా దొరుకుతాయి. నా రిమ్ము లోపలి వెడల్పు 17, తీసుకున్నది 16. బొక్కలు రెండు పక్కలా బాగా మూసుకుపోవాలి, కానీ టైరు అంచు కూర్చునే చోటికి టేపు ఎక్కకూడదు, ఎక్కితే టైరు సరిగ్గా కూర్చోదు. వరంగల్ చౌరస్తా వైపు నేనడిగిన షాపుల్లో రబ్బరు పట్టీయే చేతికిచ్చారు, అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించాను.

వేయడంలో ఓపిక కావాల్సింది శుభ్రం చేసే దగ్గర. పాత పట్టీ తీశాక బొక్కల అంచులు వేలితో తడమండి. ఎక్కడైనా గీరుకుంటే సన్న సాండ్‌పేపర్‌తో రుద్దాలి. తర్వాత స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. టేపుకు వాల్వు బొక్క ముందే ఉంటుంది. దాన్ని రిమ్ము బొక్కకు సరిపెట్టి, జరగకుండా ఒక స్క్రూడ్రైవర్ దూర్చి, అక్కడి నుంచి గుంజుతూ అతికించుకుంటూ పోవాలి. వదులుగా అతికిస్తే తర్వాత ముడతలు పడతాయి. ఇంకో అలవాటు కూడా చేసుకోండి, టైరు మీది పేరు ఎప్పుడూ వాల్వు దగ్గరికే వచ్చేలా ఎక్కించండి. పంచరైనప్పుడు ట్యూబు మీది చిల్లును బట్టి టైరులో, రిమ్ములో ఎక్కడ వెతకాలో వెంటనే తెలుస్తుంది.

ఇంత మెచ్చుకున్నాను గానీ, మొదటి వానాకాలం తర్వాత కొంత తగ్గి మాట్లాడాల్సి వస్తోంది. కాటన్ నీళ్లు పీలుస్తుంది. పుల్లల సందుల నుంచి రిమ్ములోకి దిగిన నీళ్లు టేపును తడుపుతాయి, అది తొందరగా ఆరదు. వెనక చక్రంలో ఒక పక్క జిగురు వదిలి అంచు లేచింది. బొక్కలు ఇంకా మూసే ఉన్నాయి, ట్యూబుకేమీ కాలేదు, కానీ పుల్ల మార్చడానికి తీసిన టేపును మళ్లీ అతికించలేకపోయాను. ఇది మందం టేపు కాబట్టి రిమ్ము మధ్య లోతు కొంత నిండిపోయి టైరు ఎక్కించడం కూడా కష్టమైంది. వాల్వుకు ఎదురు వైపు నుంచి టైరు అంచును మధ్య లోతులోకి నొక్కుకుంటూ వస్తే ఎక్కుతుంది, కానీ బొటనవేళ్లు నొప్పి పుడతాయి. రోడ్డు మీద ఒంటరిగా పంచరైతే ఈ బాధ గుర్తుంచుకోవాలి.

నా బరువు 78 కిలోలు, తొక్కేది ఎక్కువగా ఎండాకాలం పొద్దుట్లు, టైర్లు సన్నవి, గాలి ఎక్కువ. నాలాంటి వాళ్లకు దీన్ని గట్టిగానే చెబుతాను. లావు టైర్లలో 40 పీఎస్ఐతో హన్మకొండ నుంచి కాజీపేట దాకా తిరిగేవాళ్లకు రబ్బరు పట్టీ మధ్యలో సరిగ్గా కూర్చుని ఉంటే చాలు. ట్యూబు లేకుండా టైరులోనే గాలి నింపే ట్యూబులెస్ వేసుకునేవాళ్లకు ఇది అసలు పనికిరాదు, గుడ్డలోంచి గాలి పోతుంది, వాళ్ల టేపులు వేరు. రోజూ వానలో తొక్కక తప్పని వాళ్లు గట్టి నైలాన్ పట్టీ చూడొచ్చు, అది నీళ్లు పీల్చదు. నేను వెనక చక్రానికి జూన్‌కు ముందే కొత్త కాటన్ టేపు మారుస్తున్నాను. ముందు చక్రానిది ఇంకా గట్టిగానే ఉంది, దాన్ని ఇప్పట్లో కదిలించను.