టెంటులో కట్టెల పొయ్యి: తూటాల పెట్టె, గ్యాస్ బండ, మడత రేకు – ఏది మేలు?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన, ఈలీ ఊరికి అవతల బౌండరీ వాటర్స్ అడవుల్లో జనవరి రాత్రి చలి మైనస్ 20 డిగ్రీలకు దిగడం మామూలే. సరస్సులు గడ్డకట్టాక ఆ మంచు మీద స్లెడ్డు లాక్కుంటూ వెళ్లి, కాన్వాస్ టెంటు వేసుకుని, లోపల చిన్న కట్టెల పొయ్యి వెలిగించుకుని రెండు మూడు రోజులు ఉండి రావడాన్ని ఇక్కడ హాట్ టెంటింగ్ అంటారు. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లలో కొందరికి ఈ సరదా గట్టిగానే పట్టుకుంది. వాళ్లు నన్ను అడిగేది ఒకటే: అన్నా, పొయ్యి కొనడం ఎందుకు, గ్యారేజీలో మనమే చేసుకోలేమా?

చేసుకోవచ్చు. జనం సాధారణంగా ఎంచుకునేవి మూడు: సైన్యం వాడి అమ్మేసిన తూటాల పెట్టె, ఖాళీ గ్యాస్ బండ, స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో చేసి మడిచి పెట్టుకునే పొయ్యి. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది పెట్టెనే. కానీ ముందు బండ సంగతి తేల్చాలి, అందరి మనసూ మొదట దాని మీదికే పోతుంది కాబట్టి.

అమెరికాలో బార్బెక్యూకి వాడే 20 పౌండ్ల ప్రొపేన్ బండ చూడండి. మెడ చుట్టూ ఉన్న పట్టీ మీద అంకెలు గుద్ది ఉంటాయి. ‘డబ్ల్యూసీ 47.6’ అంటే అందులో 47.6 పౌండ్ల నీళ్లు పడతాయని, అంటే 21.6 లీటర్లు. ‘టీడబ్ల్యూ’ పక్కన ఉండేది ఖాళీ బండ బరువు, సుమారు 17 పౌండ్లు, ఎనిమిది కిలోలకు కాస్త తక్కువ. మందపాటి స్టీలు కదా, వేడిని పట్టి ఉంచుతుంది, నిప్పు ఆరినా టెంటు వెచ్చగానే ఉంటుంది అని చాలామంది దీనివైపు మొగ్గుతారు. లెక్క వేస్తే ఆ ఆశ నిలబడదు. ఎనిమిది కిలోల స్టీలు 300 డిగ్రీలు చల్లారేటప్పుడు వదిలే వేడి, దాదాపు 80 గ్రాముల ఎండు కట్టె కాలితే వచ్చే వేడికి సమానం. గుప్పెడు పుల్లలన్నమాట! టెంటుకు గోడంటే ఒక పొర గుడ్డ. ఆ కాస్త వేడీ నిమిషాల్లో బయటికి పోతుంది. బండకు ఉన్న అసలు లాభం వేరు. గుండ్రంగా, మందంగా ఉంటుంది కాబట్టి వంకరపోదు, ఏళ్ల తరబడి చిల్లుపడదు. లద్దాఖ్, కాశ్మీర్ వెళ్లొచ్చినవాళ్లు చూసిన బుఖారీలు, అంటే గది వెచ్చబెట్టే పొయ్యిలు, కూడా ఎక్కువగా గుండ్రటివే.

దీని అసలు సమస్య కోయడంలో ఉంది. గ్యాస్ అయిపోయిందనుకున్న బండలో కూడా పేలడానికి సరిపడా ఆవిరి మిగిలి ఉంటుంది. వాల్వు పూర్తిగా విప్పి తీసేయాలి, బండను అంచుదాకా నీళ్లతో నింపాలి, ఆ తర్వాతే గ్రైండర్ తగలాలి. వాల్వు విప్పడం రానివాళ్లు, ‘ఏం కాదులే’ అనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు. పైగా తలుపు, కాళ్లు, గొట్టం మూతి అన్నిటికీ వెల్డింగ్ కావాలి. గుండ్రటి వీపు మీద టీ గిన్నె నిలబడదు కాబట్టి పైన చదును పలక కూడా అతికించాలి. మీకు వెల్డింగ్ వచ్చి, ఒకే చోట నాలుగు రోజులు మకాం వేసేటట్టయితే బండ మంచి పొయ్యే. ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట: మన ఇళ్లలో ఉండే వంటగ్యాస్ బండ మనది కాదు. డిపాజిట్ కట్టి తెచ్చుకున్నదే తప్ప అది కంపెనీ సొత్తు. దాన్ని కోసే ఆలోచనే వద్దు.

ఇక తూటాల పెట్టె. ఆర్మీ సర్‌ప్లస్ కొట్లలో పచ్చరంగు పెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి. అందరూ ఎత్తుకొచ్చేది పాయింట్ 50 క్యాలిబర్ పెట్టె, ఎందుకంటే అది చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. పొడవు సుమారు 28 సెంటీమీటర్లు, వెడల్పు 14, ఎత్తు 18. ఏడు లీటర్ల చోటు. ఒక్కరు పట్టే చిన్న టెంటుకు, సాయంత్రం బట్టలు ఆరబెట్టుకుని అన్నం వండుకోవడానికి అది చాలు. మైనస్ 20లో ఇద్దరికి మాత్రం చాలదు. కట్టెలు పొట్టిగా, సన్నగా నరకాలి, అరగంటకోసారి తలుపు తెరవాలి. బౌండరీ వాటర్స్‌లో చచ్చి నేలమీద పడి ఉన్న కట్టెనే వాడాలన్న నియమం ఉంది. ఆ కట్టెను మంచులోంచి తవ్వి, చేతి రంపంతో 25 సెంటీమీటర్ల ముక్కలుగా కోసుకుంటూ కూర్చుంటే పొద్దంతా దానికే సరిపోతుంది. పెట్టె పొడుగ్గా ఉండటం ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది.

అందుకే నా ఓటు 40 మిల్లీమీటర్ల గ్రెనేడ్ల పెట్టెకు. పొడవు దాదాపు 44 సెంటీమీటర్లు, ఎత్తు 25, వెడల్పు 15కు కాస్త తక్కువ, చోటు పదహారు లీటర్ల దాకా. బరువు ఆరు కిలోల దరిదాపు. 40 సెంటీమీటర్ల కట్టె నేరుగా దూరుతుంది. ఇంకా పెద్దది, 20 మిల్లీమీటర్ల తూటాల పెట్టె కూడా ఉంది కానీ అది బండకంటే బరువు. నలుగురైదుగురు కలిసి వెళ్తేనే దానితో పని. 40 పెట్టెకు ఒక ఇరుకు చివర తలుపు కోసి, రెండో చివర పైన గొట్టానికి రంధ్రం చేస్తే సగం పని అయినట్టే. డ్రిల్లు, గ్రైండర్, బోల్టులు చాలు, వెల్డింగ్ లేకుండానే అయిపోతుంది. తలుపు కింద వేలు దూరేంత గాలి రంధ్రాలు రెండు మూడు పెట్టి, వాటి మీద జరిగే రేకు ఒకటి బిగించండి. లోపల గొట్టం రంధ్రానికి కిందుగా ఒక అడ్డురేకు అమర్చండి. మంట నేరుగా గొట్టంలోకి పారిపోకుండా తలుపు వైపు తిరిగి వచ్చి, పైమూతను వేడెక్కించి పోతుంది. చాలామంది బద్ధకించేది ఈ రేకు దగ్గరే. ఇది లేకపోతే సగం వేడి ఆకాశానికి పోతుంది.

పెట్టెలో మరిచిపోకూడనివి మూడున్నాయి. మూత లోపలి అంచున నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది, దాన్ని గోటితో లాగినా ఊడి వస్తుంది. దాన్ని తీసేసి, పొయ్యిల తలుపులకు వాడే ఫైబర్‌గ్లాస్ తాడు ఆ గాడిలో అతికించాలి. లేకపోతే మూత సందుల్లోంచి పొగ టెంటులోకి వస్తుంది. రెండోది రంగు. పాత పెట్టెల రంగులో సీసం, క్రోమియం ఉండే అవకాశం ఉంది. బయట ఆరుబయట, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి, ఎర్రగా కాలేదాకా మంట పెట్టి ఆ రంగు పూర్తిగా పోగొట్టాలి. మొదటి మంట టెంటులో ఎప్పుడూ పెట్టొద్దు. మూడోది అడుగు. రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కాబట్టి నిప్పులు నేరుగా తగిలితే తొందరగా తినేస్తుంది. రెండు సెంటీమీటర్ల ఇసుక పోస్తే చాలాకాలం ఆగుతుంది. ఎప్పటికైనా పెట్టె పాడవుతుంది, నిజమే. పోతే ఇంకో పెట్టె తెచ్చుకుని పాత తలుపు, గొట్టం దానికే బిగించుకోవచ్చు.

మడత పొయ్యి చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 40, 22, 20 సెంటీమీటర్ల కొలతల్లో, 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకుతో చేస్తే పెట్టె భాగం రెండు కిలోల ఏడు వందల గ్రాములకు వస్తుంది. అదే 0.5 మిల్లీమీటర్ల టైటానియంతో అయితే కిలోలోపే. వీపున మోసుకెళ్లేవాళ్లకు ఇది ఎంత తేడానో చెప్పక్కర్లేదు. కానీ ఇంట్లో చేసినప్పుడు చిక్కంతా మూలల్లోనే. 304 రకం స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. 40 సెంటీమీటర్ల పలక 500 డిగ్రీలు ఎక్కితే మూడు మిల్లీమీటర్లు దాటి పెరుగుతుంది. పైగా వేడి పలకంతా సమానంగా పాకదు, ఒకచోట ఎర్రబడి పక్కన చల్లగా ఉంటుంది. పలకలు అలా ఉబ్బి, మూలల దగ్గర సందులు పడతాయి. ఆ సందుల్లోంచి గాలి దూరితే మీరు తలుపు రంధ్రాలు మూసినా మంట తగ్గదు, కట్టె గబగబా అయిపోతుంది. కంపెనీలు అంచులు మడిచి, గాడులు కొట్టి ఈ చిక్కును అదుపులో పెడతాయి. రేకు మడిచే యంత్రం లేకుండా అంత నేర్పుగా మనం చేయడం కష్టం. టైటానియం అయితే డ్రిల్లు బిట్లను తినేస్తుంది, దాని సన్నటి పొడికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి తేలిక పొయ్యి కావాలంటే డబ్బు కూడబెట్టి కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

పొయ్యి ఏదైనా, గొట్టం దగ్గర బేరాలు వద్దు. హార్డ్‌వేర్ కొట్టులో మూడంగుళాల జింకుపూత గొట్టం చౌకగా కనిపిస్తుంది, దాదాపు అందరూ అదే తెస్తారు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. పొయ్యికి ఆనుకున్న మొదటి అడుగు గొట్టం మంట జోరులో ఎర్రగా మెరవడం మీరే చూస్తారు. ఆ వేడికి లేచే జింకు పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి, వెల్డింగ్ పనివాళ్లకు ఈ జ్వరం బాగా తెలుసు. కనీసం ఆ కింది భాగమైనా స్టెయిన్‌లెస్ పెట్టండి. కారు ఎగ్జాస్టుకు వాడే స్టెయిన్‌లెస్ గొట్టం ముక్క దీనికి చక్కగా పనికొస్తుంది. తేలికగా ఉండాలంటే 0.1 మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ రేకును గొట్టంగా చుట్టి, తీగ రింగులు తొడిగే పద్ధతి ఉంది. మోయడానికి బాగుంటుంది కానీ దాని అంచు బ్లేడులా తెగుతుంది, తోలు చేతితొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

గొట్టం ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చేటప్పుడు సన్నబరిచిన చివర కిందికి, పొయ్యి వైపుకి ఉండాలి. అప్పుడు లోపల పట్టే తారు బయటికి కారకుండా పొయ్యిలోకే దిగుతుంది. గొట్టం కొస టెంటు శిఖరం కంటే పైన ఉండాలి. అక్కడ నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పనిసరి. తడి కట్టె వాడితే ఆ జాలీ ఒక్క రాత్రిలో మసితో మూసుకుపోతుంది, పొగ వెనక్కి తంతుంది. రోజూ ఉదయం దించి దులపండి. చలికి గడ్డకట్టిన గొట్టం పొగను లాగదు కాబట్టి, ముందు బర్చ్ చెట్టు బెరడు ముక్క ఒకటి గొట్టం మూతి దగ్గరే అంటించి గొట్టాన్ని వేడెక్కించి, తర్వాత పుల్లలు పేర్చండి. గొట్టం టెంటును దాటే చోట సిలికాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ బట్ట ఉండాలి. అలాంటి ఏర్పాటు లేని పాలియెస్టర్ టెంటులో ఏ పొయ్యీ పెట్టకూడదు. లంబసింగి, అరకుల్లో అద్దెకిచ్చే టెంట్లు ఈ రకానివే. అక్కడి చలికి దుప్పట్లు, మందపాటి పరుపు చాలు. చలి ఎక్కువైందని బొగ్గుల కుంపటి మాత్రం లోపలికి తెచ్చుకోకండి.

ఎందుకంటే చంపేది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు. భగభగ మండుతున్న పొయ్యి కంటే, గాలి మూసేసి నిప్పుల మీద వదిలేసిన పొయ్యి ఎక్కువ ప్రమాదం. గొట్టం చల్లబడి లాగుడు తగ్గాక ఆ వాయువు లోపలే తిరుగుతుంది. టెంటు కింది అంచున ఒక పక్క, పైన ఒక పక్క గాలి సందు ఎప్పుడూ తెరిచి ఉంచాలి. బ్యాటరీతో నడిచే అలారం కొనండి, చలికి మామూలు సెల్లులు నీరసిస్తాయి కాబట్టి ఆ అలారం వాటితో నడిచే రకమైతే లిథియం సెల్లులు వేయండి. ఫిన్లాండ్ సైన్యంలో టెంటులో అందరూ పడుకున్నా ఒకరు పొయ్యి దగ్గర మేలుకుని ఉంటారు, వంతులవారీగా. మీరు ఇద్దరు ముగ్గురు వెళ్తే అదే పద్ధతి పెట్టుకోండి. ఒక్కరే వెళ్తే పడుకునే ముందు నిప్పు పూర్తిగా ఆరనివ్వండి. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు పొయ్యి ఉందని లెక్కలోకి తీసుకోకుండా, ఆ రాత్రి చలికి ఒంటరిగా అదే తట్టుకునేలా కొనండి.