గిల్డ్ ఎఫ్-512: పన్నెండు తీగల గిటార్

పన్నెండు తీగల గిటార్ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ గలగలే, కానీ ఎఫ్-512లో ముందు చెవిన పడేది బేస్. పైన సిట్కా స్ప్రూస్ చెక్క, వెనకా పక్కలా రోజ్‌వుడ్ చెక్క, దానికి తోడు పెద్ద జంబో బాడీ, కాబట్టి జీ కార్డ్ ఒక్కసారి మీటి వదిలేస్తే మంద్రస్వరం అడుగున అలా నిలబడే ఉంటుంది, దాని మీద సన్న తీగలు మెరుస్తుంటాయి. చవక గిటార్లలో ఆ సన్న తీగలే మిగతావాటిని మింగేస్తాయి, ఇక్కడ ఆ గోల లేదు.

పనితనం చూడాలంటే నట్ దగ్గర, అంటే మెడ పైచివర తీగలు ఆనే గాట్ల పట్టీ దగ్గర చూడండి. తీగలు ఆరు జతలుగా ఉంటాయి. లావు తీగ, దాని పక్కనే ఒక స్థాయి పైన పలికే సన్న తీగ, రెండూ ఒకే వేలి కింద సమానంగా అణగాలంటే ఆ గాట్లు ఎంత లోతుండాలో చాలా జాగ్రత్తగా కోయాలి. మెడలో రెండు ట్రస్ రాడ్లు, అంటే మెడ వంగకుండా పట్టి ఉంచే లోహపు కడ్డీలు ఉన్నాయి, ఇన్ని తీగల లాగుడికి అవి కావాల్సిందే. ఫింగర్‌బోర్డు మీద ముత్యపుచిప్ప పొదుగు మాత్రం నా అభిరుచికి కాస్త ఆర్భాటం.

శ్రుతి చేయడానికి ఓపిక కావాలి. జీ జతలోని సన్న తీగ ఏ పన్నెండు తీగల గిటార్‌లోనైనా ముందు తెగేదే, దాన్ని మెల్లగా బిగించండి. ఆరు తీగల గిటార్ మీద బ్యారే కార్డులు (ఒకే వేలు అడ్డంగా పెట్టి తీగలన్నీ నొక్కేవి) ఇంకా కుదరనివాళ్లు దీని జోలికి ఇప్పుడే పోవద్దు.