ఈడెన్ క్యాంప్: యుద్ధ ఖైదీలు పొలం పనికి బయల్దేరిన చోటు

ఇంగ్లండులో యార్క్ వెళ్లిన మనవాళ్లు పెద్ద చర్చి, కోటగోడ చూసి తిరుగుముఖం పడతారు. ఇంకో పూట ఉంటే మాల్టన్ పక్కనున్న ఈడెన్ క్యాంప్ చూడండి. రెండో ప్రపంచయుద్ధం నడుమ, 1942లో మొదలైన ఈ యుద్ధ ఖైదీల శిబిరంలో ముందు ఇటాలియన్లు, 1944 నుంచి జర్మన్లు ఉన్నారు. చుట్టుపక్కల పొలాలకు కూలీలు ఇక్కణ్ణుంచే వెళ్లేవారు. 1987లో మ్యూజియంగా తెరిచారు.

పొలం పనే ఎందుకంటే, యుద్ధ ఖైదీల గురించిన 1929 జెనీవా ఒప్పందం ప్రకారం పట్టుబడ్డ సిపాయిలతో పని చేయించవచ్చు గానీ అది యుద్ధానికి నేరుగా ఉపయోగపడేది కాకూడదు. సైనికాధికారులనైతే బలవంతపెట్టనే కూడదు. అందుకే బంగాళాదుంపలు ఏరడం, చక్కెర దుంపలు తవ్వడం, కాలువల్లో పూడిక తీయడం. రైతు డబ్బు కట్టేది ప్రభుత్వ వ్యవసాయ కమిటీకి. ఖైదీ చేతికొచ్చేది చాలాకాలం శిబిరంలో మాత్రమే చెల్లే టోకెన్లే. నమ్మకం కుదిరినవాళ్లు రైతు ఇంట్లోనే ఉండేవారు. 1945లో యుద్ధం ముగిసినా కోతలకు మనుషులు చాలక జర్మన్లను 1948 దాకా విడతలవారీగా స్వదేశానికి పంపారు. ఊరివాళ్లతో కలిసిమెలిసి తిరగకూడదన్న నిషేధం 1946 డిసెంబరులో గానీ సడలలేదు. ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్లలో వేలమందిని డెహ్రాడూన్, భోపాల్ శిబిరాలకూ తెచ్చారు. వాళ్లకు ఈ పొలాల భాగ్యం లేదు.

ఒక్క హెచ్చరిక: మ్యూజియంగా మారిన శిబిరపు గుడిసెల్లో ఎక్కువ భాగం యుద్ధకాలపు బ్రిటన్ జీవితం గురించే, ఖైదీల సంగతి కొంతే. బాంబు దాడిని చూపే గుడిసెలో చీకటి, పొగ, పెద్ద శబ్దాలు; ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు దాన్ని వదిలేయడం మేలు. మూడు నాలుగు గంటలు పడుతుంది. చలికాలంలో కొన్ని వారాలు మూసేస్తారు, తేదీలు చూసుకునే బయల్దేరండి. క్యాంటీన్ ఉంది గానీ శాకాహారులు పులిహోర డబ్బా పెట్టుకుంటే నిశ్చింత.

మాల్టన్ స్టేషన్‌లో దిగి నడిచేద్దాం అనుకోవద్దు, రెండు మైళ్లు ఉంటుంది. లీడ్స్, యార్క్ నుంచి విట్బీ వెళ్లే 840 బస్సు నయం. బసకు మాల్టన్ ప్రశాంతం. కారు లేకపోతే యార్కే సుఖం.

ఖైదీల గుడిసెలోనే పడుకోవాలని ఉంటే స్కాట్లండులో కామ్రీ దగ్గర కల్టీబ్రాగన్ ఉంది. 2007లో ఊరివాళ్లే కొనుక్కున్నారు, కొన్ని గుడిసెలు బాగుచేసి అద్దెకిస్తున్నారు. బస బాగానే ఉంటుంది గానీ అది కరుడుగట్టిన నాజీలను బంధించిన శిబిరంగా పేరుపడ్డది. అలాంటివాళ్లను పొలాలకు పంపేవారు కాదు. సేద్యం కథ కోసమైతే అంత దూరం వెళ్లనక్కర్లేదు.